పశువుల పాకలో నీలి ఊలు

ఈ ఉదయం వంటగట్టు మీద బియ్యపుగింజంత నల్లటి పెంటికలు కనిపించాయి. చిట్టెలుకలవి. చలికాలం కదా, ఇంట్లోకి వస్తాయి. సింకు కింది కన్నంలో గాజుపెంకులు కూరుతుంటే చిన్నప్పుడు మేమున్న పాల్వంచ క్వార్టర్ గుర్తొచ్చింది.

నాన్న పోయాక అది మొదటి క్రిస్మస్. నాకు ఏడేళ్లు. యేసు పుట్టిన చోటుకు గుర్తుగా అమ్మ ఇంట్లో ఒక మూల వరిగడ్డితో చిన్న పశువుల పాక కట్టింది. పండుగ ముందురోజు రాత్రి బాలయేసు బొమ్మను పెట్టేదాకా అందులోని తొట్టిలో ఉత్త గడ్డే ఉంటుంది.

"గడ్డి దినాం దులుపు బిడ్డా, లేకుంటే ఎలుకలు పిల్లలు పెడ్తయ్" అంది.

ఒకరోజు దులుపుతుంటే గడ్డి కింద నీలి ఊలు మెత్తగా తగిలింది. బాలయేసు కోసం అమ్మే పరుపు వేసిందనుకున్నాను. అది చెదురుతుందని దులపడం మానేశాను.

పండుగ ముందురోజు అమ్మ తుప్పుపట్టిన ట్రంకులోంచి నాన్న నీలి స్వెటర్ తీసింది. దానికి ఒక చెయ్యి లేదు, కొరికిన పోగులు వేలాడుతున్నాయి. ఆ రంగు చూడగానే సంబరంగా అమ్మను పాక దగ్గరికి లాక్కెళ్లి గడ్డి తీశాను. ఊలు మీద కళ్లు తెరవని ఎర్రటి ఎలుకపిల్లలు నాలుగు.

"పరుపు నువ్వే ఏసినవ్ గదమ్మా?"

అమ్మ చేతిలోని స్వెటర్‌ను ఆ ఊలు పక్కన పెట్టి చూసింది.

"అవ్ బిడ్డా. నేనే ఏసిన."

ఆ రాత్రి బాలయేసును ఆ ఊలు మీదే పడుకోబెట్టింది. ఎలుకపిల్లలు ఏమయ్యాయో నేను అడగలేదు.