ఇంటివాళ్లకు మిగిలిన గాలి

సరంగుకు నలుగురు పడుకోగలిగినంత తెరచాప పడవ ఒకటుంది. జనాన్ని నాలుగేసి రోజులు దీవుల చుట్టూ తిప్పుకొస్తాడు. ఎప్పుడు రమ్మంటారని అడిగితే, నిద్రలో లేపినా ఒకటే జవాబు: తుపాన్ల కాలం పూర్తిగా వెళ్లిపోవాలి, ఈశాన్యపు గాలి కుదురుకోవాలి. అక్కడి నుంచి మూడు నెలలు గాలికి నిలకడ ఉంటుంది. చిన్న పడవకు కావలసింది అదే. తర్వాత ఎండలు ముదిరి గాలి పడిపోతుంది. సముద్రం నూనె పోసినట్టు కనిపిస్తుంది గానీ నమ్మడానికి లేదు. ఏ మధ్యాహ్నమో మబ్బు కమ్ముకొచ్చి, పావుగంట గాలివానతో పడవను కుదిపేస్తుంది.

ఇంత తెలిసినవాడు పోయినేడు భార్యనూ తొమ్మిదేళ్ల కూతురినీ తీసుకెళ్లింది మాత్రం ఆ ఉక్క నెలలోనే. మంచి నెలలన్నీ బేరాలకు పోయాయి మరి. రెండో రోజు తెరచాప దించేలోపే గాలివాన కొట్టింది, పడవ పక్కకు ఒరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పిల్ల మళ్లీ పడవ ఎక్కలేదు. తండ్రికి అన్నం తెచ్చినా గట్టు మీద పెట్టి వెనక్కి తిరిగిపోతోంది.

ఈ ఏడు వరుసగా పదకొండు ప్రయాణాలయ్యాయి. తాళ్లు లాగి లాగి అరచేతులు మొద్దుబారాయి. ఆ సాయంత్రం సరంగు చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"సీజనయ్యాక మనం వెళ్దాం. దాని భయం పోగొట్టాలి కదా," అన్నాడు.

భార్య లెక్కల టీచరు. దిద్దుతున్న కాగితాల మీంచి తలెత్తలేదు. "మంచి గాలి ఊరందరికీ, ఉక్కపోత మాకా? మేమేం పాపం చేశామండీ?"

"అది కాదే..."

"ఏది కాదు? ఆ నెలలో రావద్దని ఫోన్లో అందరికీ గొంతు చించుకుని చెబుతారుగా. మేమూ ఫోన్ చేస్తే గానీ చెప్పరా? ఇంకోసారి అలా జరిగితే అది జన్మలో నీళ్ల దగ్గరికి రాదు."

సరంగు గోడమీది క్యాలెండరు చూశాడు. మంచి గాలి ఇంకా రెండు వారాలే ఉంది, రెండూ బేరాలే. వచ్చే వారానికి పళ్ల డాక్టరు పడవ మాట్లాడుకున్నాడు. సరంగు ఆయనకే ఫోన్ చేశాడు.

"పడవకేమైనా అయిందా?" అన్నాడు డాక్టరు.

"పడవ బంగారంలా ఉందండీ. నాకే కుదరదు. మా బావమరిది పడవ మాట్లాడి పెడతాను. అదే గాలి, మనిషే వేరు."

"అతను నోరు మూయడు కదయ్యా!"

"అదొక్కటే చిక్కండీ."

"పోనీ, వచ్చే నెల నీతోనే వస్తాలే."

"వచ్చే నెల ఎవరినీ తీసుకెళ్లనండీ. ఆ నెలలో ఇకమీదట ఏ ఏడూ తీసుకెళ్లను."

బయలుదేరే రోజు భార్య ముందే ఎక్కి కూర్చుంది. పిల్ల సంచి గుండెలకు హత్తుకుని గట్టు మీదే నిలబడిపోయింది.

"నాన్నా, సాయంత్రం దాకా గాలి ఇలాగే ఉంటుందా?"

ఉంటుందని గట్టిగా చెప్పేయవచ్చు. అబద్ధమాడే ఓపిక కూడా అతనిలో మిగల్లేదు.

"ఉండొచ్చమ్మా. ఈ వారంలో ఎన్నేళ్లుగానో ఉంటోంది. ఒకవేళ పెరిగితే ముందే తెరచాప సగానికి దించేస్తాను."

"ముందే అంటే?"

"నీకు భయం వేసినప్పుడు. నువ్వే చెప్పు."

పిల్ల కాసేపు నీళ్లవైపు చూసింది. సంచి తల్లికి అందించి, తండ్రి వైపు చెయ్యి చాపింది.