తిన్నగా పెట్టిన కాయిల్

వీధిలో అందరూ ఆయన్ని స్కేలు మేస్త్రీ అంటారు. రేడియోలు, టీవీలు బాగుచేసే మనిషి జేబులో టెస్టరు ఉండాలి గానీ స్కేలెందుకండీ? ఉంటుంది. ఆరంగుళాల ఇనప స్కేలు. బోర్డు మీద రెసిస్టర్లు పెడితే వాటి రంగుగీతలన్నీ ఒకేవైపు చూడాలి, ఒక్కటి తిరగబడినా ఊడదీసి మళ్లీ పెడతాడు. "రెసిస్టర్ ఎటు తిప్పితే ఏంటయ్యా, కరెంటుకి కళ్లున్నాయా?" అని పక్క షాపు గడియారాలాయన ఏడిపించేవాడు. "దానికి లేకపోతే నాకున్నాయి" అనేవాడు ఈయన. ముప్ఫై ఏళ్లుగా అదే పనితనం, అదే పొగరు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన బాగుచేసిన వస్తువు మళ్లీ షాపు గుమ్మం తొక్కడం అరుదు.

ఆ పొగరే అక్క చెవి మిషను దగ్గర కొంప ముంచింది.

బావ పోయి ఏడాదైంది. అక్కకి వినికిడి తక్కువ, కుడిచెవి వెనక మిషను తగిలించుకుంటుంది. అందులో తీగ ఊడిందని తమ్ముడికి పంపింది. అతికించడం ఐదు నిమిషాల పని. అంతటితో ఊరుకున్నా బాగుండేది! లోపల బియ్యపుగింజంత కాయిల్ ఒకటి వంకరగా నిలబడి కనిపించింది. ఫోనులో మాటని గాలిలోంచి కాకుండా నేరుగా అందుకునే కాయిల్ అది. ఈయనగారి చెయ్యి ఊరుకుంటుందా? పట్టకారుతో దాన్ని పడుకోబెట్టి, మిగతావాటి వరసలో తిన్నగా సర్దేశాడు. రెసిస్టర్ వేరు, కాయిల్ వేరు, కాయిల్‌ని ఎటు తిప్పితే అటు నుంచి వచ్చేదే అందుకుంటుందని పదిమందికి పాఠం చెప్పగల మనిషే. అయినా చెయ్యి ఆగలేదు.

వారం తిరక్కుండా మేనకోడలు షాపుకొచ్చింది, మొహం పీక్కుపోయి.

"మావయ్యా, అమ్మ నాలుగు రోజులుగా మంచం దిగట్లేదు. ఎడమపక్కకి తిరిగి పడుకునే ఉంటోంది. తిండి మానేసింది. నాన్న మాట్లాడుతున్నారంటోంది. కూర్చుంటే వినపడట్లేదట, పడుకుంటేనేనట."

మేస్త్రీకి వెంటనే తట్టింది. తను పడుకోబెట్టిన కాయిల్, అక్క పడుకున్నప్పుడల్లా నిలబడుతోంది! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పట్టకారు జేబులో వేసుకుని బయల్దేరాడు.

అక్క కళ్లు గుంటలు పడ్డాయి, పెదాలు ఎండిపోయాయి.

"మెల్లగా మాట్లాడరా, ఆయన మాట పోతుంది" అంది.

"ఏమంటున్నాడక్కా బావ?"

"ఏముందీ, ఎప్పట్లాగే. ఉన్నావా అంటున్నారు."

బతికున్నన్నాళ్లూ బావ ఇంట్లోకొస్తూ గుమ్మంలోంచే "ఉన్నావా?" అనేవాడు. లేకపోతే ఆవిడెక్కడికి పోతుంది? అయినా అడగందే చెప్పులు విడిచేవాడు కాదు.

బతిమాలి, ఒట్టు పెట్టి మిషను తీసుకున్నాడు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, తన కుడిచెవికి తగిలించుకుని అదే మంచం మీద ఎడమపక్కకి తిరిగి పడుకున్నాడు.

జుమ్మని మోత. హమ్మయ్య, అనుకున్నట్టే! మంచం ఆనుకున్న గోడకి అవతల మీటింగులు జరిగే హాలు. చెవి మిషన్లున్నవాళ్లకి మైకులో మాట నేరుగా అందాలని, ఆంప్లిఫయర్ నుంచి హాలు చుట్టూ తీగ లాగింది తనే. అది ఈ గోడ వెంటే పోతుంది. ఎవడో మైకు సరిచూసుకుంటుంటే అక్క బావ అనుకుంటోంది, పిచ్చితల్లి. చెబుదామని తలెత్తబోయాడు.

"ఉన్నావా?"

మెల్లగా, కాస్త ఆయాసంగా.

అప్పుడు గుర్తొచ్చింది. హాలువాళ్ల ఆంప్లిఫయర్ కాలిపోయి పదిరోజులుగా తన బల్ల మీదే ఉంది, వెనక మూత ఊడదీసి. ఆ తీగకి మాట పంపేదేదీ అవతల లేదు.

"ఉన్నావా?" మళ్లీ. ఈసారి జవాబు కోసం ఆగినట్టుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఊపిరి తీస్తున్నారు.

బావంటే ప్రాణం మేస్త్రీకి, ఆ షాపు పెట్టించిందే బావ. "ఉన్నాను బావా" అంటే ఏం పోయింది? అనలేకపోయాడు. భయమేసింది, అంతే.

కానీ ఇంకో నాలుగు రోజులు ఇలాగే సాగితే అక్క దక్కదు. లేచి, మిషను విప్పి, కాయిల్‌ని ఫ్యాక్టరీవాడు పెట్టినట్టే వంకరగా నిలబెట్టాడు. స్కేలు బయటికి తియ్యలేదు.

అక్క మిషను తగిలించుకుని ఎడమపక్కకి తిరిగి పడుకుంది. చాలాసేపు కదల్లేదు. కాస్త ఇటు జరిగింది, అటు జరిగింది. చివరికి లేచి కూర్చుంది.

"వెళ్లిపోయారు" అంది. ఏడవలేదు. కూతురు కంచం తెచ్చి ఒళ్లో పెడితే వద్దనలేదు.

రెండు ముద్దలు తిన్నాక అడిగింది. "నీకేమైనా వినిపించిందట్రా?"

"ఏముందక్కా, కరెంటు మోత" అన్నాడు.

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది.

"నిన్ననే చెప్పారురా ఆయన. 'మీ తమ్ముడొస్తాడు. నేను పిలుస్తాను, పలకడు. నువ్వడిగితే వినపళ్లేదంటాడు. వాడికి భయం, పాపం, ఏమీ అనకు' అని."

అని, ఇంకో ముద్ద కలుపుకుంది.