చారల చేపలు, ఒకే పొయ్యి

మా ముత్తాతగారు ధవళేశ్వరం కాలువల మీద పదకొండు పడవలు తిప్పినవారు. తాతగారు కొవ్వూరులో వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఆ వంశంలో మిగిలిన నేను మొన్న రాజమండ్రిలో ఒక అక్వేరియం దుకాణం ముందు అరగంట సేపు ఎండలో నిలబడిపోయాను. అద్దం వెనక నారింజరంగు ఒంటి మీద తెల్లచారలున్న చేపలు, పువ్వులా విచ్చుకున్న ఒక సముద్రజీవి చేతుల మధ్య ఒళ్లు రుద్దుకుంటున్నాయి.

మా సావిట్లోనూ అలాంటి తొట్టె ఉండేది. ఊరంతా గోదావరి నీళ్లు తాగుతుంటే మా చేపలకు మాత్రం క్యాన్లలో సముద్రపు నీళ్లు వచ్చేవి. తెచ్చే పెద్దాయన అండమాన్‌లో కొన్నేళ్లు వేటచేసి వచ్చినవాడు. ఆ పువ్వు తాకితే మిగతా చేపలు చస్తాయనీ, వీటిని ఒంటిమీది జిగురే కాపాడుతుందనీ అతనే చెప్పాడు. అన్నిటికంటే పెద్దచేపకు తాతగారు ‘దొరగారు’ అని పేరు పెట్టుకున్నారు.

“అది ఆడదండి బాబుగారూ. ఆ ఇంట్లో ఆవిడ మాటే చెల్లుద్ది. పక్కనున్నోడు మొగుడు, గుడ్లకి కాపలా ఆ మొగుడిదే.”

“ఆవిడ పోతే?”

“మొగుడే ఆడదవుద్దండి. చిన్నవాటిలో పెద్దది మొగుడవుద్ది. పువ్వొదిలి ఎవరూ పోరండి, పోతే బయటోళ్లు మింగేత్తారు.”

“మగాడు ఆడదవడమేంటోయ్! పొద్దున్నే తాగొచ్చావా?”

వంటింటి గుమ్మంలోంచి నాయనమ్మ అందుకుంది. “ఆ చేపకున్నపాటి బుద్ధి ఈ ఇంట్లో ఎవరికుంది లెండి!”

మరుసటి ఏడు నాయనమ్మ పోయింది. ముగ్గురు కొడుకుల కుటుంబాలకూ అంతవరకు ఆవిడ పొయ్యి మీదే అన్నం ఉడికేది. పన్నెండో రోజు దాటగానే పెదనాన్న, బాబాయి వంటలు వేరు చేసుకుందామన్నారు. వంట వేరైతే ఇంటికి అడ్డుగోడ లేస్తుందని అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున చూస్తే, తాతగారు కండువా నడుముకు బిగించి పొయ్యి ముందు కూర్చుని ఉన్నారు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశారు. పంక్తిలో అందరూ అన్నం ఎక్కువ కలుపుకుని తినేశారు. అందరికీ వడ్డించి, చివర్న నాయనమ్మ పీట మీదే ఆయనా తిన్నారు.

ఆ రోజే నీళ్లు తెచ్చిన పెద్దాయన గుమ్మంలో ఆగిపోయాడు. “నేనేం అనలేదండి బాబుగారూ.”

“అనకు. నీళ్లు పోసి రా, అన్నం తిందువుగాని.”

ఆ పొయ్యి తొమ్మిదేళ్లు నడిచింది. ఆయన తర్వాత దాని ముందు కూర్చోవడానికి మాలో ఎవరికీ నడుం వంగలేదు. నాకూ వంగలేదు. ఇంటికి గోడలు లేచాయి. కాలం ఆ తొట్టెను మాత్రం ఖాళీగా ఉంచలేదు. దాన్ని ఒక మిఠాయి కొట్టాయనకు అమ్మాం. ఇప్పుడందులో కాజాలు పేరుస్తున్నారు.