గుట్ట మీది కుందేటి కొమ్ములు

కాలేజీలో మాకు చెప్పిన వృక్షశాస్త్రంలో కండగల మొక్కలు ఎప్పుడూ సముద్రం ఒడ్డు కొండచరియల మీదే పెరిగేవి. సముద్రాన్ని మా ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆ మాటే క్లాసులో అన్నాను. ఉప్పునీళ్ల పక్కన బతికినా, నీళ్లే లేని బండ మీద బతికినా మొక్క పడే కష్టం ఒకటే కదా, మా వేములవాడ వైపు గుట్టలు చాలవా అని అడిగాను. అయితే సెలవుల్లో వెళ్లి తెచ్చి చూపించమన్నారు మా లెక్చరర్. ఆమెకు నా నోరు తెలుసు, దాన్ని మూయించే దారీ తెలుసు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు. దసరా సెలవులకు హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చేసరికి అన్న పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు. వదిన నాకంటే చిన్నది. నేను ఆమెను వదినె అంటే ఆమె కూడా నన్ను వదినె అనేది. పెళ్లినాడు నిండుగా ఉన్న పిల్ల, చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారేంతగా చిక్కిపోయింది. అడిగితే అవ్వ, అంటే మా అమ్మ, గొప్పగా చెప్పింది, కోడలు పిట్ట తిన్నట్టు తింటుందని. వాడకట్టంతా అదే చెప్పుకుంటోంది. నేను నమ్మలేదు. పొద్దంతా చేలో వంగి, బాయి నుంచి నీళ్లు మోసే మనిషి పిట్టలా తిని ఎలా నిలబడుతుంది?

మా ఇంట్లో తిండికి ఒక వరుస ఉండేది. ముందు బాపు, అన్న. తర్వాత జీతగాళ్లు. ఆ తర్వాత అవ్వ, ఇంటికొస్తే నేను. కోడలు అందరూ లేచాక, మిగిలినదాంతో. ఎంత మిగిలిందో ఎవరూ కుండలోకి తొంగి చూడరు. చాలలేదు, ఇంకాస్త వండుకుంటాను అనే కోడలు మా ఊళ్లో అప్పటికింకా పుట్టలేదు.

నాకు కావలసిన కండగల మొక్కలు, కుందేటి కొమ్ములు, గుట్ట నెత్తిన, బండల నెర్రెల్లో, ముళ్లపొదల చాటున దొరికాయి. నాలుగు పలకల కాడ, చిటికెన వేలంత లావు, పైకి పోయేకొద్దీ సన్నం. ఆకులు లేకపోలేదు, మొలిచీ మొలవకముందే రాలిపోతాయి. ఆకు చేయాల్సిన పని పచ్చటి కాడే చేసుకుంటుంది. జెముడులా పాలు కారవు, తుంచితే నీళ్లలాంటి రసం. ముదురు ఊదా రంగు పువ్వు, తల వంచుకుని ఉంటుంది, ఈగలకు మాత్రమే నచ్చే వాసన. కాయలు జంటగా కొమ్ముల్లా నిక్కుతాయి కాబట్టి ఆ పేరు. గుట్ట కింద ఎంత వెతికినా ఒక్కటీ లేదు. మేకలు మేసి ఉంటాయని తేల్చేశాను.

ఒకటే అర్థం కాలేదు. చాలా కాడలకు కొసలు లేవు. మేక కొరికితే అంచు నలుగుతుంది. ఇవి గోటితో గిల్లినట్టు నున్నగా ఉన్నాయి.

తెచ్చినవన్నీ పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టాను. మిగతా మొక్కలు బుద్ధిగా ఎండాయి. ఇది ఎండలేదు. కాగితాల మధ్యే కొస సాచి, ఒక మొగ్గ కూడా విప్పింది. ఇంటినిండా ఈగలు. అవ్వ నన్నూ నా చదువునూ కలిపి తిట్టింది. మరిగే నీళ్లలో ముంచి కాడను చంపితే తప్ప ఈ జాతి ఎండదు. నీళ్లు కాగబెట్టమని వదినను అడిగి, పొయ్యి పక్కన కూర్చుని ఆమెకు పాఠం మొదలుపెట్టాను. వినేవాళ్లు దొరికితే నేను వదలను. ఇలాంటి మొక్కలు నీళ్లు ఆవిరైపోకుండా పగలు ఊపిరి బిగబట్టి రాత్రి పీలుస్తాయనీ, రాత్రి కూడబెట్టిన పులుపును పగటి ఎండలో ఖర్చు చేస్తాయనీ చెప్పాను.

"ఔ వదినె," అంది ఆమె పొయ్యి ఊదుతూ. "పొద్దుగాల పుల్లగుంటది. మాపటికి సప్పగైతది. మాపటిదే మంచిగుంటది."

సరదాకు ఒక ముక్క నమిలిన మనిషికి ఒక రుచే తెలుస్తుంది. రెండు పూటల రుచి తెలియాలంటే రెండు పూటలా తినాలి. పసుల కాపరులు దాన్ని ఎందుకు నములుతారో ఊరందరికీ తెలుసు. నమిలితే ఆకలి చచ్చిపోతుంది. వదిన బొటనవేలి గోరు కింద పచ్చటి మరక ఉంది.

ఆ మధ్యాహ్నం అవ్వ పిలిస్తే వెళ్లలేదు, వదినతో తింటానన్నాను. వదిన వద్దని బతిమాలింది. అందరూ లేచాక ఇద్దరం కుండ దించుకున్నాం. మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క గీకితే వచ్చేంత, కాసిని చారు నీళ్లు. అందులో సగం నా కంచంలో వేసుకున్నాను. కాలేజీ చదివే బిడ్డ సెలవులకొచ్చి అడుగు గీకుకుని తినడం అవ్వ చూడలేకపోయింది. కంచం లాక్కుని, కట్టెలు ఎగదోసి, ఎసరు పెట్టింది.

"నాకైతే పొయ్యి ముట్టిస్తివి," అన్నాను. "ఆమెకెందుకు ముట్టియ్యవు?"

"కోడండ్లు గట్లనే తింటరు. మా అత్త ఉన్నన్నొద్దులు నేను గుడ గట్లనే తిన్న. సచ్చిన్నా?"

"మరి నువ్వు గుడ గుట్టెక్కినవా అవ్వా?"

రవ్వ పోస్తున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది. ఎవరు చెప్పారనీ, దేని గురించనీ అడగలేదు.

"మాకు గుట్ట ఎక్కే పని పడలే," అంది ఎసరు వైపే చూస్తూ. "మా దినాల్ల గుట్ట కిందనే దొరికేది."

తర్వాత ఇంకో దోసెడు రవ్వ పోసింది.

సెలవులయ్యాక లెక్చరర్ ఆ మొక్కను అటూ ఇటూ తిప్పి చూసి, గుట్ట కింద ఎందుకు పెరగదని అడిగారు. మేకలు, కోడళ్లు అన్నాను. వెటకారమనుకుని కోప్పడ్డారు. నేనూ వాదించలేదు.

మరుసటి ఏడు దసరాకు వెళ్లేసరికి అవ్వ వాడకట్టులో మాట మార్చింది, కోడలికి రెండు కుండలు వండినా చాలడం లేదట. వదిన గాజులు మణికట్టు దగ్గరే ఉన్నాయి. నేను గుట్టెక్కి చూశాను. కాడలన్నింటికీ కొసలున్నాయి, పూల మీద ఈగలున్నాయి. పగిలిన కాయల్లోంచి పట్టులాంటి దూది అంటిన విత్తనాలు గాలికి లేస్తున్నాయి. దిగుతూ గుట్ట కింద కూడా వెతికాను. అక్కడ ఇంకా ఏమీ మొలవలేదు.