రేడియోలో గుమ్మడికాయ

మా చొంగ్జు బజారులో ప్యో గిల్‌సొప్‌కి చొక్కా ఇస్త్రీకి ఇస్తే చొక్కా ఒక్కటే తిరిగి రాదు, దాంతోపాటు ఒక సిద్ధాంతం కూడా వస్తుంది. పక్కనే కూరల కొట్టు పెట్టుకున్న పాపానికి నేను ఆ సిద్ధాంతాన్ని వినీ వినీ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను.

మనిషి మంచివాడే. యాభై దాటాయి. చేతుల నిండా ఆవిరి మచ్చలు, నోటికి విశ్రాంతి లేదు. కౌంటరు వెనక పాత కంప్యూటరులో ‘దూరపు పడవ’ అనే ఆట ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూతురు సొదామ్ బడికి వెళ్లే రోజుల్లో ఆడి వదిలేసిన ఆట అది. ఆ పిల్ల పెద్దదై తెజొన్‌లో ఉద్యోగం చూసుకుంది, పెళ్లి చేసుకుంది, ఆట సంగతే మరిచిపోయింది. ఈయన మాత్రం పట్టుకున్నాడు. భార్య పోయాక మరీను. కొట్టు మూసుకుని తాగుతూ కూర్చోవడం కంటే ఇదే నయమని నేనూ ఊరుకున్నాను.

ఆ ఆటలో సెరాన్ అనే అమ్మాయి ఒంటరిగా అంతరిక్షంలో ఓడ నడుపుతుంది. ప్రయాణం సుదీర్ఘం కాబట్టి మధ్యమధ్య చల్లటి పెట్టెలో పడుకోవాలి. పడుకున్నప్పుడల్లా ఒకటే కల. బావి దగ్గర ఒకావిడ బియ్యం కడుగుతూ ఆమెను పిలుస్తుంది. ఆవిడ ఎవరో ఆట తయారుచేసినవాళ్లు ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోతే మనవాళ్లు ఊరుకుంటారా? ఆ ఆటంటే పడిచచ్చేవాళ్లంతా నెట్‌లో ఒక గుంపుగా చేరి ఏళ్ల తరబడి దానిమీదే కొట్టుకుంటున్నారు.

గిల్‌సొప్ అక్కడ ‘ఇస్త్రీపెట్టె’ అనే పేరుతో రాస్తాడు. ఆయన వాదన ప్రకారం ఆ కల అసలు సెరాన్‌ది కాదు, భూమ్మీద ఉన్న తల్లిది. తల్లి కనే కల కూతురి నిద్రలోకి వెళ్తోంది. బావి దగ్గర ఆవిడ సెరాన్‌ని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తుంది కదా, ఆ పేరు ఓడ మొత్తం వెతికినా ఎక్కడా ఉండదు. ఒక మనసులో మాట ఇంకో మనసుకి చేరాలంటే అయినవాళ్లే కావాలి, పరాయివాళ్ల వల్ల కాదంటాడు. ఇది చెప్పేటప్పుడు ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోతుంది. నా జాకెట్టొకటి అలాగే కాలింది.

దీనికి అడ్డం తిరిగేది ‘ఏంటెనా’ అనే ఆయన. మొక్పో రేవులో చేపల పడవల రేడియోలు బాగుచేస్తాడట. ఆయన లెక్కలో తల్లీ లేదు గిల్లీ లేదు. ఏదో చీకటి గ్రహం మీదివాళ్లు పంపే సంకేతం అది. బియ్యం కడిగే చప్పుడు ప్రతిసారీ ఒకే వరసలో వస్తుంది, మనుషులెవరూ అలా కడగరు. సంకేతానికి చుట్టరికంతో పనిలేదు, దారిలో ఏ పెట్టె తెరిచి ఉంటే దానికే చిక్కుతుంది. ముద్దుపేరంటారా, అది సెరాన్ బుర్రలోంచి పుట్టిందే.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అయినా పొద్దున షట్టరెత్తగానే గిల్‌సొప్ బాయిలరు కూడా ముట్టించకుండా ఏంటెనా ఏం రాశాడా అని చూసేవాడు. రాయకపోతే ఆ రోజంతా చిరాకే.

నిరుడు ఎండాకాలంలో సొదామ్ కడుపుతో ఉంది. ఏడో నెల. మా వైపు బిడ్డ కడుపున పడితే ఆ ఇంటికి కావలసినవాళ్లలో ఎవరికో ఒకరికి కల రావాలి. పులో, చేపో, పండో కనపడాలి. కల వచ్చిందంటే బిడ్డ గట్టిగా నిలిచిందని ఒక ధైర్యం. మామూలుగా ఆ కల అమ్మమ్మకే వస్తుంది. సొదామ్ పుట్టబోయే ముందు వాళ్ల అమ్మమ్మకి ఎర్రటి పండు ఒళ్లో రాలినట్టు వచ్చింది. ఇప్పుడు సొదామ్‌కి తల్లి లేదు. అత్తగారివైపు కూడా ఎవరికీ రాలేదు. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. అప్పుడూ ఎవరికీ కల రాలేదు.

ఆ పిల్ల ఇలాంటివి నమ్మనని అందరికీ చెప్పేది. ఒక శనివారం తెజొన్ నుంచి వచ్చి నా కొట్టులో కూర్చుని సోయా వేసి వండిన నల్ల చిక్కుళ్లు తింటూ, తల ఎత్తకుండా అడిగింది.

“అత్తా, నీకేమన్నా కలొచ్చిందా? ఊరికే అడుగుతున్నాలే.”

రాలేదన్నాను. అబద్ధం ఆడదామనిపించింది కానీ నా మొహం ఎవరైనా ఇట్టే చదివేస్తారు.

“పడుకోవాలంటే భయంగా ఉంటోందత్తా. లేచేసరికి ఏమయిపోతుందోనని రాత్రంతా కడుపు మీద చెయ్యేసుకుని కూర్చుంటున్నా. నాన్నకి చెప్పకు.”

ఆమె వెళ్లగానే వాళ్ల నాన్నకి చెప్పేశాను. ఇలాంటివి దాచడం నాకు చేతకాదు.

అది మొదలు గిల్‌సొప్ కల కనడం ఒక పనిగా పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిని, ఉతికిన కోట్ల వెనక చాప వేసుకుని, భార్య ఫొటో పక్కన పెట్టుకుని పడుకునేవాడు. లేచాక వచ్చిందా అంటే వచ్చిందనేవాడు. ఎవరిదో ఉన్నికోటు పోగొట్టినట్టు, వాళ్లు కొట్టు ముందు నిలబడి తిట్టినట్టు. అదెవరికి పనికొస్తుంది? నవ్వొచ్చేది, జాలీ వేసేది.

ఆ ఉక్రోషంలోనే ఒకరోజు ఏంటెనాతో వాదనలో ఒక మాట రాసేశాడు. “కల అయినవాళ్లకే వస్తుందనడానికి నేనే రుజువు. నా కూతురికి ఏడో నెల. తల్లి లేదు, అందుకే కలా లేదు.” దానికి ఏంటెనా జవాబు ఇవ్వలేదు. మర్నాడూ లేదు. వారం దాటింది. గెలిచానని సంబరపడాల్సిన మనిషి ఇస్త్రీ మానేసి తెర వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆ తరవాత కొట్టుకి ఏంటెనా దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కొట్టు గోడ మీది పేరు ఎప్పుడో ఈయన పెట్టిన ఫొటోలో చూశాడట, దాన్నిబట్టి నంబరు పట్టుకున్నాడు. తనకొక కల వచ్చిందని, అది ఫోనులో చెప్పేది కాదని, శనివారం వస్తున్నానని అన్నాడు. అది నిజమే. బిడ్డ గురించిన కల ఎవరికొచ్చినా తల్లికి అప్పగించవచ్చు, కానీ ముందుగా బయటపెట్టకూడదు, ఊరికే ఇచ్చేయకూడదు. ఏదో ఒకటి పుచ్చుకునే ఇవ్వాలి, లేకపోతే చెయ్యి మారదు.

శనివారం మధ్యాహ్నం దిగాడు. బాంగ్ హోయొల్ అని పేరు చెప్పుకున్నాడు. నలభై పైబడిన మనిషి, పెళ్లి కాలేదట, చేతిలో ఎండుచేపల మూట. అంత ఎండలోనూ మర్యాదకని కోటు వేసుకొచ్చాడు, రైల్లో అది నలిగి ముద్దయింది. ఇన్నేళ్ల శత్రువు గుమ్మంలో నిలబడితే గిల్‌సొప్ ఆయన మొహం చూడలేదు, కోటు చూశాడు.

“ముందా కోటు విప్పండి ఏంటెనాగారూ.”

కబురందుకుని వచ్చిన సొదామ్‌ని కుర్చీలో కూర్చోబెట్టాం. నేనూ కొట్టు వదిలేసి వచ్చి నిలబడ్డాను. హోయొల్ నీళ్లు తాగి, గొంతు సవరించుకుని చెప్పాడు. కలలో ఏదో పడవ మీద రేడియో మూత విప్పాడట. లోపల తీగల మధ్యలో లేత గుమ్మడికాయ ఒకటి ఉందట, వెచ్చగా. తీసి రెండు చేతుల్లో పట్టుకుంటే బరువు తెలిసిందట. కింద పెట్టబుద్ధి కాక అలాగే పట్టుకుని నిలబడితే మెలకువ వచ్చింది.

“నాకు పెళ్లాం లేదు, తోబుట్టువుల్లేరు. రేవంతా అడిగి చూశా. మా కింది వాటాలో ఒకావిడ కడుపుతో ఉంది కానీ వాళ్లకి ఎప్పుడో కలొచ్చేసిందట. ఇంక మిగిలింది మీ అమ్మాయే.”

సొదామ్ నవ్వడం మొదలుపెట్టింది. “అందరికీ పులులూ డ్రాగన్లూ వస్తాయి. నా బిడ్డకి గుమ్మడికాయా?” అంటూనే కళ్లు తుడుచుకుంది. కోటు ఇస్త్రీయే ఆ కలకి బదులని గిల్‌సొప్ ప్రకటించాడు. అంత శ్రద్ధగా ఆయన ఇస్త్రీ చేయడం నేనెప్పుడూ చూడలేదు. చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఆగాడు. ఈసారి కాలకుండా పెట్టె నిలబెట్టే ఆగాడు.

“అయితే నా వాదన తప్పే. ముక్కూమొహం తెలియని మీకు చిక్కింది కదా. మీరన్నట్టు తెరిచున్న పెట్టెకే చిక్కుతుంది.”

పదకొండేళ్ల వాదన అది. కూతురి కోసం చొక్కా మడిచి పక్కన పెట్టినంత తేలిగ్గా వదిలేశాడు. నాకు ఏడుపొచ్చింది.

హోయొల్ ఊరుకోలేదు. “ముక్కూమొహం తెలియకపోవడమేంటండీ? రోజూ లేవగానే మొదట చదివేది మీ రాతే. చుట్టరికం లేకపోతే కింది వాటా ఆవిడ కోసం కల రావాలిగా, మీ అమ్మాయికెందుకొచ్చింది? మీరన్నదే రైటు.”

కాదు మీదే రైటని ఈయన, కాదు మీదేనని ఆయన. పాత రుజువులన్నీ తిరగేసి ఎదుటివాడి పక్షాన అరుచుకోసాగారు. బియ్యం చప్పుడు మళ్లీ వచ్చింది, ముద్దుపేరు మళ్లీ వచ్చింది. నేను చెయ్యి ఊపి చూపించేదాకా ఇద్దరూ గమనించలేదు. కుర్చీలో సొదామ్ నిద్రపోతోంది. కడుపు మీద చెయ్యి లేదు, పక్కకి జారిపోయింది. మగాళ్లిద్దరూ గొంతు తగ్గించి గుసగుసగా వాదించుకున్నారు.

సాయంత్రం లేచింది. ఏమన్నా కలొచ్చిందా అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. లేదంది. ఆకలేస్తోందంది.

రైలుకి వెళ్లేముందు హోయొల్‌కి కూరలు కట్టిస్తూ పక్కకి లాగి అడిగాను, నిజంగా కల వచ్చిందా అని.

“కల్పించేవాణ్ణయితే డ్రాగన్నే కల్పించేవాణ్ణి కదా అక్కగారూ. రేడియోలో గుమ్మడికాయ ఎవరికి తడుతుంది?”

బజారులోకి ముదురు గుమ్మడికాయలు దిగే రోజుల్లో పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అల్లుడి ఫోను పెట్టేసి గిల్‌సొప్ ముందు మొక్పోకే ఫోను చేశాడు. అవతలినుంచి హోయొల్ గొంతు నా దాకా వినిపించింది.

“మన గుమ్మడి ఎంత బరువుందండీ?”

గిల్‌సొప్ ఫోను చేత్తో మూసి నావైపు తిరిగాడు. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా పొగరు.

“విన్నావా అక్కా, ‘మన’ అన్నాడు. గెలిచింది నా వాదనే.”