సూదాయన తలెత్తని రోజు

సూదాయన చేతులు చూసి నవ్వనివాళ్లు లేరు. ఊళ్లో సగం మందికి టాటూలు వేసిన మనిషి, తన ఒంటి మీద చుక్క కూడా లేదు. "సూదంటే భయమండీ" అనేవాడు సిగ్గులేకుండా.

పాత కావ్యాల్లోంచి ఒక్కో వాక్యం తీసి వేయడం ఆ షాపు ప్రత్యేకత. పేరంతా ఈయన కొట్టేశాడు గానీ, పుస్తకాలు చదివింది ఆయన భార్య. వచ్చినవాళ్ల కష్టసుఖాలు విని, ఎవరికి ఏది నప్పుతుందో ఆవిడే వెతికేది. స్టూలు మీద కూర్చుని చదివి వినిపిస్తే, ఈయన తల వంచుకుని గీసేవాడు. అర్థం ఏనాడూ అడగలేదు. అక్షరం వంపు కుదిరితే చాలు, ఆయన సాహిత్యం అక్కడితో సరి.

ఆవిడ పోయాక బుద్ధి వచ్చింది. ఆవిడకు ఇష్టమైన వాక్యం తన చేతి మీద వేసుకోవాలని తపన పట్టుకుంది. ఏది ఇష్టమో తెలిస్తే కదా! అలమరలో పుస్తకాలన్నీ తిరగేశాడు. ఒక్క గీటూ లేదు. షాపుకొచ్చిన ప్రతివాళ్లనీ అడిగాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ఒక్క మాట ఆవిణ్ణే అడిగి ఉంటే ఎంత బాగుండేది!

ఓ రోజు టైలరమ్మ వచ్చింది, మణికట్టు మీద అక్షరాలు వెలిసిపోయాయి, మళ్లీ దిద్దమని. ఆమెనీ అడిగాడు.

టైలరమ్మ తెల్లబోయింది. "అదేంటన్నా, ఇదే కదా! వదిన తన కోసం దాచుకున్నదే నాకిచ్చేసింది. మీకు తెలీదా?"

"నీకెందుకిచ్చింది?"

"నేనూ అదే అడిగా. 'మీ అన్నయ్య ఎప్పటికైనా అడుగుతారని దాచా, ఇక అడగరులే, నువ్వేయించుకో' అని నవ్వేసింది."

ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. "దీని అర్థమేంటమ్మా?"

"ఏదో పాత కథలో ఇల్లాలు మొగుడితో అంటుందట. పని ఎక్కడికీ పోదు, ఒక్కసారి నా వంక చూడు అని." టైలరమ్మ చెయ్యి బల్ల మీద చాపింది. "మీరు వేస్తుంటే వదిన ఇది రెండోసారి కూడా చదివింది. నేను ఆవిడ వంక తిరిగితే, మీరేమో తలెత్తకుండా 'కదలకమ్మా, గీత పాడవుతుంది' అని నన్ను కసిరారు."

ఎంత తన్నుకున్నా ఆయనకు ఆ రోజు గుర్తు రాలేదు. గీతను మాత్రం గుర్తుపట్టాడు. చాలా బాగా కుదిరింది. దాన్ని చూస్తే తన మీద తనకే అసహ్యం వేసింది.

గ్లోవ్స్ తొడుక్కుని దిద్దడం మొదలుపెట్టాడు. అక్షరానికోసారి తలెత్తి, ఖాళీ స్టూలు వంక చూశాడు.

"అన్నా, గీత పాడవుతుంది" అంది టైలరమ్మ మెల్లగా.