నా వంతు కూడా ఆమే చెప్పేసింది

ఈ రోజు పుత్తూరులోని మా లూథరన్ గుడిలో అందరూ దేవుడి క్షమాపణ కోరుతూ ఒక్క గొంతుతో పాపాల ఒప్పుకోలు చెబుతుంటే నేను పంతంగా నోరు మూసుకున్నాను. కారణం, ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డ మేస్త్రీ. నిన్న కంకర క్వారీలో తట్ట జారవిడిచిందని మా పక్కింటి సంతోషమ్మవ్వను అందరి ముందూ బూతులు తిట్టిన మనిషి. ఆయనకీ మాతో పాటు అదే క్షమాపణా? అణిచేవాడితో గొంతు కలపడం ద్రోహమని నేను చదివిన కరపత్రాలన్నీ ఘోషిస్తున్నాయి!

ఆరాధన ముగిశాక అవ్వ నన్ను గుమ్మం దగ్గర పట్టుకుంది.

"ఏమబ్బా, ఒప్పుకోలప్పుడు నోరు కుట్టేసుకుంటివే?"

"నిన్ను తిట్టినోడికి గూడా క్షమాపణేనా అవ్వా? నీకు రోసం లేదా?"

"యాల లేదు, ఉండాది. రేపు క్వారీలో వాణ్ణి నిలేసి అడుగుతా సూడు. అయినా దేవుడు వాడికి పెడితే నాకు తగ్గిపోయేదానికి ఇదేమన్నా సంగటి ముద్దా? నీ వంతు గూడా నేనే సెప్పేసినాలే, పో."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. నేను అడగకుండానే నా పేర క్షమాపణ తెచ్చి చేతిలో పెట్టి, ఆమె దారిన ఆమె వెళ్లిపోయింది. దీన్ని తిప్పి పంపడం ఎలాగో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.